కానుగ చెట్టు కింది అవ్వ

మా ఊరి బడికి వచ్చిన ప్రమీలమ్మ టీచరుకు భయం లేనిదంటూ ఏదీ లేదు. కుక్కంటే భయం, బల్లి అంటే భయం, బావి మీద గిలక కిర్రుమంటే భయం. మా వాకిట్లో కట్టేసిన పొట్టేలు తలెత్తి చూస్తే చాలు, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గోడవారగా నడిచేది. పొద్దు గూకకముందే గడియ వేసుకునేది. ఇంత పిరికి మనిషిని ఈ బోడగుట్టల నడుమకు ఏ పుణ్యాత్ముడు పంపాడోనని మా అమ్మ గోపమ్మ రోజూ తిట్టేది. ఆ తిట్లు పంపినవాడికే. టీచరును మాత్రం ఏమీ అనేది కాదు, అప్పటికింకా.

మాది నారాయణపేట దిక్కున ఊటగుండ్ల. ఊట పేరులోనే ఉంది, ఊర్లో లేదు. కురుమల ఇళ్లే ఎక్కువ. గొర్రెలు కాస్తాం, ఉన్ని వడికి గొంగళ్లు నేస్తాం. ఉగాది పోయిందంటే మా కుంటలో బురద కూడా మిగలదు. అప్పుడు మగవాళ్లంతా మందలు తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోయేవారు, మళ్లీ తొలకరికే రావడం. ఆ నడిమి కాలమంతా ఊర్లో ఆడవాళ్లం, ముసలివాళ్లు, పిల్లలు. మా బాపు మారయ్య కూడా ప్రతి ఏడూ అట్లాగే పోయేవాడు. బాపు పోయిన రోజు నుంచి మా చెల్లె సుక్కి వాకిట్లో కూర్చుని తొవ్వ దిక్కు చూసేది. ఏడెనిమిదేళ్ల పిల్ల. తాను వేలు చీకించి పెంచిన తెల్ల గొర్రెపిల్ల కూడా మందతోనే పోయిందని దానికి ఇంకో దిగులు.

టీచరు వచ్చింది అరవై ఒకటిలో. సొంతూరు చిట్యాల. పాతికేళ్లు కూడా లేవు. పట్నం పోయే పెద్ద సడక్ పక్కన పెరిగిన మనిషి, మా గరుసు తొవ్వలు ఎప్పుడూ చూడలేదు. నారాయణపేట నుంచి బండిలో వస్తూ, ఎద్దులు బెదిరితే ఎట్లారా దేవుడా అని దారి పొడవునా కళ్లు మూసుకునే కూర్చుందట. రెండు తొవ్వల గుండు దగ్గర బండి ఆగితే ఒక్కసారి తెరిచిందట. ఆ గుండు ఇంటంత రాయి. మా ఊరి నుంచి పోతుంటే అక్కడ తొవ్వ రెండుగా చీలుతుంది. ఎడమది మోటబావి మీదుగా కృష్ణకు, నారాయణపేటకు పోతుంది. కుడిది ఎప్పుడో పాడుబడ్డ ఒక ఊరికి పోతుంది, దాని మీద ఎవరూ నడవరు. అటువైపు చాలా దూరాన, ఎర్రటి నేల మీద ఒకే ఒక్క కానుగ చెట్టు పచ్చగా కనిపించిందట. అది చూసి, పోనీలే, ఇక్కడ కూడా బతకొచ్చు అనుకుందట. ఈ సంగతి ఆమే మా అమ్మతో చెప్పింది. మా ఇంటి పక్కన కొట్టంలోనే కిరాయికి ఉండేది.

బడి అంటే బండలు కప్పిన ఒక్క గది. అంతకుముందున్న పంతులు బెత్తం తప్ప వేరే సామాను వాడలేదు. నేను మూడో తరగతి దాకా ఆయన దగ్గరే దెబ్బలు తిని, చదివింది చాలని గొర్రెపిల్లల దగ్గరికి వచ్చేశాను. ఈమె వచ్చిన తర్వాత కిటికీలోంచి చూస్తే, అది బడిలాగే లేదు. ట్రైనింగులో నేర్పారట, గదిని నాలుగు మూలలుగా పంచింది. ఒక మూల ఇసుక, ఒక మూల మట్టి, ఒక మూల ఉన్ని, ఒక మూల ఆట. నాలుగు మూలలకూ కలిపి ఒకే కథ. చదువు చెప్పమంటే మట్టి పిసికిస్తోందేమిటని ఊరంతా నవ్వింది. కానీ పిల్లలు పొద్దున లేస్తూనే బడికి ఉరికేవాళ్లు. అది ఎవరూ కాదనలేరు.

కథ ఆమె సొంతంగా కట్టింది. బుడ్డి అనే తెల్ల గొర్రెపిల్ల మందతో కృష్ణకు పోయే కథ. ఇల్లు కదలాలంటే వణికే మనిషి ప్రయాణం కథ కట్టడమేమిటో నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మట్టి మూలలో పిల్లలు గొర్రెలు చేసేవాళ్లు. ఉన్ని మూలలో వాటికి బొచ్చు అంటించి, ఎన్ని పోగులు పట్టాయో లెక్క రాసేవాళ్లు. ఆట మూలలో ఒకడు కాపరి, మిగిలినవాళ్లు మంద. ఇసుక మూల అన్నింటికన్నా పెద్దది. అందులో మా ఊరు, చింతలకుంట, రెండు తొవ్వల గుండు, మోటబావి, కృష్ణ అన్నీ చేశారు. రోజూ పాఠం అయ్యాక మట్టి మందను ఒక మజిలీ ముందుకు జరపాలి. ఎవరు జరపాలా అని పిల్లలు కొట్టుకునేవాళ్లు.

మజిలీలన్నీ పిల్లలు చెప్పినవే. వాళ్ల తాతలు నడిచిన తొవ్వ, వాళ్లకు తెలియదా? ఒక్కటి మాత్రం టీచరు పెట్టింది. కథలో బుడ్డి రెండు తొవ్వల గుండు దగ్గర మంద నుంచి తప్పిపోతుంది. కుడి తొవ్వ పట్టి పోతుంది. దప్పికతో నాలుక పిడచకట్టుకుపోతుంది. అప్పుడు కానుగ చెట్టు కింద ఒక అవ్వ కుండలు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. అవ్వ వెంటనే కనబడదు, బుడ్డి చెట్టు కింద కూర్చుని ఓపికగా ఎదురుచూడాలి. వస్తుంది, నీళ్లు పోస్తుంది, అడ్డతొవ్వ చూపిస్తుంది. బుడ్డి మందకన్నా ముందే కృష్ణ చేరుతుంది. చెట్టు నిజమే. అవ్వ, కుండలు, అడ్డతొవ్వ అన్నీ టీచరు పుట్టించినవి. అటు నీటి చుక్క లేదు. ఇసుకలో ఆ చెట్టు కోసం ఒక కానుగ రెమ్మ గుచ్చి, దాని కింద సుక్కి చేసిన మట్టి అవ్వను కూర్చోబెట్టారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మందలు పోయేటప్పుడు తొవ్వ చీలే చోట మావాళ్లు ఒక తంగేడు కొమ్మ విరిచి నేల మీద పెట్టి, దాని మీద రాయి పెడతారు. వెనక గాడిదల మీద తిండిగింజలు తెచ్చేవాళ్లకు అది గుర్తు. ఆకులున్న కొస ఎటు ఉంటే మంద అటు పోయినట్టు. గొర్రె ఆకు దిక్కే పోతుంది కదా, అందుకని. టీచరుకు ఇది తెలియదు. పిల్లలు ఇసుకలో పుల్లలు పెడుతుంటే చూసి ముచ్చటపడి, నల్లబల్ల మీద బాణం గీసినట్టుగా, ఆకులు వెనక తోకలా ఉండి, విరిచిన మొదలు ఎటు ఉంటే అటు పోయినట్టు అని నేర్పింది. ఇంట్లో అట్లా కాదని పిల్లలు అన్నారట. బడిలో ఇట్లాగే అని ఆమె అన్నదట. సరే అని వాళ్లు ఇంట్లో ఇంటి తీరు, బడిలో బడి తీరు నేర్చుకున్నారు. పిల్లలకు ఇందులో కష్టమేముంది. ఈ సంగతి మా పెద్దవాళ్లలో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

అప్పటికి ఒంటిపూట బడులు. బాపు మంద పోయి అప్పటికే చాలా రోజులైంది. ఆ రోజు ఇసుకలో మట్టి మంద కృష్ణ చేరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, గంతులేశారు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను, విన్నాను. సుక్కి లేచి, మేం కూడా పోవచ్చా టీచర్ అని అడిగింది. టీచరు మహా సంతోషంలో ఉంది. ఆమె చేతిలో బడి మొదటిసారి బడి అయిన రోజు అది.

"ఎందుకు పోరాదు? తొవ్వ తెలిసినోళ్లకు ఫికరేంది!" అంది నవ్వుతూ.

మరునాడు పొద్దున సుక్కి బడికని పోయింది. పోతూ పోతూ రొట్టె చుట్టుకుంది, చిన్న సొరకాయ బుర్రలో నీళ్లు నింపుకుంది. బడికి రొట్టె ఎందుకే అని నేను అడగలేదు, నేను గొర్రెపిల్లలకు పాలు తాపుతున్నాను. బడిలో సుక్కి లేకపోతే టీచరు, ఇంటి దగ్గర పని ఉందేమో అనుకుంది. మా పిల్లలు రోజూ వచ్చేదెక్కడ? అట్లా రెండు చోట్లా లేని పిల్ల గురించి రెండు చోట్లా ఎవరికీ అనుమానం రాలేదు.

బడి వదిలాక పిల్లలందరూ వచ్చారు, సుక్కి రాలేదు. అమ్మ బడికి పోయింది. టీచరు తలుపుకు తాళం వేస్తోంది. పిల్ల ఏదని అమ్మ అడగడం, ఇవాళ రాలేదు కదా అని టీచరు అనడం, అంతే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాళంచెవి కింద పడితే టీచరు వంగి తీసుకోలేదు.

ఎండాకాలం పిల్ల కనబడకపోతే మా ఊర్లో మొదట చూసేది బావులే. నీళ్లు అడుగంటి ఉంటాయి, పిల్లలు చేద కోసం వంగుతారు. ఊర్లో మిగిలిన వయసు మగవాడు కల్లుగీసే కాటమయ్య ఒక్కడే. తాడు నడుముకు కట్టుకుని ఒక్కో బావిలోకి దిగాడు. ఆడవాళ్లం గట్టు మీద నిలబడ్డాం. అతను దిగిన ప్రతిసారీ అమ్మ నా భుజం పట్టుకునేది, గోళ్లు దిగేటట్టు. లోపలి నుంచి లేదు అనే కేక వచ్చేదాకా ఊపిరి ఆడేది కాదు. వచ్చాక ఇంకో బావి దగ్గరికి. బావి గిలక కిర్రుమంటే భయపడే టీచరు ప్రతి బావిలోకీ వంగి చూసింది. ఆమె పెదవులు ఏదో గొణుగుతున్నాయి, నాకు వినబడలేదు.

అప్పుడు కట్టెలమోపుతో బిక్షమ్మ అడవి నుంచి వచ్చింది. పొద్దున సుక్కి ఎదురైందట. ఎటు పోతున్నవే అంటే బాపు దగ్గరికి అన్నదట. పరాచికం ఆడుతోందనుకుని నవ్వి వచ్చేసిందట. అమ్మ ఇంట్లోకి ఉరికి పెద్ద బుర్ర నిండా నీళ్లు నింపుకుని, కర్ర పట్టుకుని వచ్చింది. మా తాత బీరన్న కర్ర పట్టుకుని అప్పటికే నడుస్తున్నాడు. కాటమయ్య మిగిలిన బావులు చూస్తానని ఆగిపోయాడు. నేను, అమ్మ, తాత, వెనకాల టీచరు. నువ్వెందుకమ్మా అని తాత అన్నాడు. ఆమె వెనక్కి పోలేదు.

వడగాలి మొహాన కొట్టేది, కళ్లు తెరవనిచ్చేది కాదు. గరుసు నేల కాలి పెనంలా ఉంది. ఎక్కడా పిట్ట అరుపు కూడా లేదు. సుక్కి అని అమ్మ పిలిచిన పిలుపు ఎటో కొట్టుకుపోయేది. చిన్న బుర్రలో నీళ్లు ఎంత పడతాయో మా అందరికీ తెలుసు. పొద్దున పోయిన పిల్ల, పొద్దు తలమీది నుంచి వాలుతోంది. చింతలకుంట దగ్గర ఎండిన బురద మీద చిన్న అడుగులు కనిపించాయి. అక్కడే రొట్టె ముక్క ఒకటి పడి ఉంది. అమ్మ దాన్ని తీసి కొంగున కట్టుకుంది.

రెండు తొవ్వల గుండు దగ్గర నేలంతా రాయి, అడుగులు పడవు. తొవ్వ చీలిన చోట తంగేడు కొమ్మ ఒకటి ఉంది, దాని మీద గుప్పెడంత రాయి. తాత కూర్చుని ఆకు నలిపి చూశాడు. వాడింది కానీ ఎండలేదు. ఇవాళటిదే. ఇంత చిన్న రాయి పెద్దవాళ్లెవరూ పెట్టరు. ఆకుల కొస ఎడమకు ఉంది, మోటబావి దిక్కు.

తాత కళ్లలో నీళ్లు తిరిగాయి. కురుమోళ్ల పిల్ల, తొవ్వ చెప్పి పోయింది చూడు అన్నాడు. మోటబావి దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, నీళ్లుంటాయి, నీడ ఉంటుంది. ఈపాటికి ఎవరి రొట్టెనో తింటూ కూర్చుని ఉంటుంది అన్నాడు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది, బడి దగ్గరి నుంచి పట్టుకున్న ఏడుపంతా. నాకు కూడా కాళ్లలో ప్రాణం వచ్చింది. తాత లేచి ఎడమ తొవ్వకు తిరిగాడు.

టీచరు మాత్రం కదలలేదు. కొమ్మ వైపే చూస్తోంది. మొహం చూస్తే పాలిపోయి ఉంది. ఏమైందో నాకు అర్థం కాలేదు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతుంది ఆమె ఏం చూస్తోందో. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. తాత చెప్పిందే నిజమైతే ఎంత బాగుండు. చెబితే మాత్రం, పిల్ల చావుకు తానే తొవ్వ చూపించానని ఆ తల్లి ముందు ఒప్పుకోవాలి. ఆ తల్లి చేతిలో కర్ర ఉంది. పొట్టేలు చూస్తేనే గోడకు అతుక్కునే మనిషి.

"తాతా, ఆగు," అంది. ముందుకు వచ్చి మళ్లీ అంది. "బడిల నేను ఉల్టా నేర్పిన. కొమ్మ మొదలు ఎటుంటే అటు పోయినట్టు అని. సుక్కి కుడి దిక్కు పోయింది."

తాత నమ్మలేదు. మా పిల్ల ఆకును వెనక్కి పెడుతుందా, మంద నడిపే ఇంట్లో పుట్టిన పిల్ల, అన్నాడు. అమ్మ లేచి నిలబడింది. టీచరు దగ్గరికి వచ్చింది, మొహంలో మొహం పెట్టినంత దగ్గరికి.

"అటు నీళ్లున్నయా?" అని అడిగింది.

"లెవ్వు."

"కానుగ చెట్టు కింద అవ్వ ఉంటదని నా బిడ్డ రోజూ చెప్తది. నీళ్లు పోస్తదట."

"అవ్వ లేదు గోపమ్మా. నేనే పుట్టిచ్చిన."

అమ్మ కర్ర ఎత్తలేదు. అప్పుడు ఆమె టీచరును చూసిన చూపు మాత్రం నేను ఈ జన్మలో మరచిపోను, కర్రతో కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. పొద్దు ఇంకా ఉంది. తాత తన మాట మీదే ఎడమకు పోయాడు. అటు నీళ్లు ఉన్నాయి కాబట్టి బుర్ర మాకు వదిలాడు. అమ్మ, నేను, టీచరు కుడి తొవ్వ పట్టాం.

టీచరు ముందు ఉరికింది. నడవడం కాదు, ఉరకడమే. చెప్పు తెగితే రెండోది కూడా విసిరేసింది. ఆ గరుసు మీద అరికాళ్లు ఎట్లా ఆగాయో దేవుడికే తెలియాలి. తొవ్వ అని పేరే గానీ ముళ్లకంపలు, పాములపుట్టలు. ఆమె దేన్నీ చూడలేదు. ఎండ మసకలో చెట్టు కనిపించడం లేదు. చిన్నప్పటి నుంచి దూరాన చూసిన చెట్టే, అయినా అది కూడా ఈమె పుట్టించిందేమో అని నాకు భయం పుట్టింది. అమ్మ పిలవడం మానేసింది. పిలిచి జవాబు రాకపోవడాన్ని ఇంక తట్టుకోలేకపోయింది. కొంత దూరం పోయాక సుక్కి చిన్న బుర్ర దొరికింది. మూత ఊడి ఉంది. లోపల చేయి పెడితే పొడిగా ఉంది, ఎప్పుడో ఒలికిపోయింది. అప్పుడు టీచరు నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపు కాదు, మాటా కాదు.

చెట్టు కనబడింది. దాని కింద ఏదో తెల్లగా.

సుక్కి మొదలుకు ఆనుకుని కూర్చుంది. కళ్లు సగం తెరుచుకునే ఉన్నాయి, మమ్మల్ని చూడటం లేదు. పెదవులు పగిలి రక్తం గట్టకట్టింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. పక్కన తన మట్టి బుడ్డిని పెట్టుకుంది, దాని ముందు మోదుగాకు దొప్ప. అవ్వ నీళ్లు పోస్తే పట్టడానికి.

నేను బుర్ర ఎత్తి నోట్లో పోయబోయాను. అమ్మ నా చేయి కొట్టింది. ఎండకు పడిపోయిన గొర్రెపిల్లకు చేసినట్టే, కొంగు తడిపి పెదవుల మీద పిండింది, ఒక్కో చుక్క. మిగిలిన తడితో మొహం, మెడ, చంకలు తుడిచింది. టీచరు తన పైట తీసి గాలి విసిరింది. నేను దాని ఛాతీ మీదనే చూపు పెట్టుకుని కూర్చున్నాను, లేస్తోందా లేదా అని. ఒక్కోసారి లేవనట్టే ఉండేది. ఎంతసేపు అట్లా ఉన్నామో తెలియదు. చెట్టు నీడ పక్కకు జరిగితే మేం పిల్లను ఎత్తుకుని నీడతోపాటు జరిగాం. ఆఖరికి దాని గొంతు గుటక వేసింది. అమ్మ మళ్లీ పేరు పెట్టి పిలిచింది. సుక్కి కళ్లు తిరిగి తిరిగి టీచరు మీద ఆగాయి.

"అవ్వ ఇంకా రాలే టీచర్," అంది.

టీచరు దాని కాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. అమ్మ ఆమెను తోసెయ్యలేదు, ఓదార్చనూ లేదు.

మోటబావి దగ్గర పిల్ల లేదని చూసుకుని తాత అక్కడివాళ్ల ముంత నిండా నీళ్లతో మా వెనకే వచ్చాడు. కొమ్మ గురించి ఆయన మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. పిల్లను తాత గొంగట్లో వేసుకుని మోసుకొచ్చాం. నారాయణపేట దవాఖానలో పెట్టి, తిరిగి ఇంటికి తెచ్చాక కూడా సుక్కి నిద్రలో నీళ్లు అని కలవరించేది. టీచరు రోజూ మా గడప బయట కూర్చునేది. అమ్మ లోపలికి రమ్మనలేదు. ఇద్దరి మధ్య అంబలి ముంతలు, తడి గుడ్డలు నా చేతుల మీదుగా అటూ ఇటూ పోయేవి.

ఊరి పెద్దలు చావడి దగ్గర కూర్చున్నారు. ఈమెను పంపించెయ్యమని పైవాళ్లకు అర్జీ పెడదామన్నారు. మట్టి చదువులకు ఇట్లాగే అవుతుందని మేం ముందే అనుకున్నామని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అనుకున్నవాళ్లు అప్పుడే ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. టీచరు ఒక పక్కన నిలబడి ఉంది, ఏం శిక్ష వేసినా సరే అన్నట్టు. అమ్మను అడిగారు. అమ్మకు ఆమె మీద కోపం తగ్గలేదు, గొంతులోనే ఉంది.

"తొవ్వ తప్పిచ్చింది ఆమెనే. గుండు కాడ నోరు తెరిచింది గూడ ఆమెనే," అంది. "తెరవకుంటే నా బిడ్డ లేదు. ఉండనీ."

అర్జీ ఆగిపోయింది. సుక్కి మళ్లీ బడికి పోయిన రోజు నేను కూడా వెంట పోయాను, ఒంటరిగా పంపే ధైర్యం ఎవరికీ లేక. అట్లా పోయి పోయి నేను కూడా నాలుగో తరగతిలో కూర్చున్నాను, ఇవాళ ఈ నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే అందుకే. ఆ రోజు సుక్కి నేరుగా ఇసుక మూలకు పోయింది. కానుగ రెమ్మ ఎండిపోయి ఉంది. దాని కింది మట్టి అవ్వను తీసి టీచరు చేతిలో పెట్టి, ఈ అవ్వ లేదు కదా, తీసెయ్ అంది. కోపంగా కాదు, లెక్క తప్పైతే దిద్దుకోమన్నట్టు. టీచరు జర ఆగు సుక్కీ అని, మట్టి అవ్వను మళ్లీ రెమ్మ కిందే పెట్టింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంత జరిగినా ఈమెకు బుద్ధి రాలేదా అని ఒళ్లు మండింది.

మరుసటి ఏడు వానలు కొంచెం బాగా పడి కుంట ఎక్కువ రోజులు నిలిచింది. మందలు కదిలేసరికి ఎండాకాలం సెలవులు వచ్చేశాయి. బస్సెక్కి చిట్యాల పోవాల్సిన టీచరు పోలేదు. పొద్దున్నే ఎటో పోయేది, పొద్దు గూకే ముందు వచ్చి గడియ వేసుకునేది. అమ్మ రోజు విడిచి రోజు మా గాడిద మీద కడవలు కట్టి మోటబావికి తోలేది. అడిగితే చెప్పేది కాదు. వాళ్లిద్దరూ అప్పటికీ సరిగ్గా మాట్లాడుకునేవాళ్లు కాదు.

బాపు మంద తెల్లవారుజామున పోయింది. వెనకాల జొన్నల మూటలతో అమ్మ, తాత, నేను, సుక్కి బయల్దేరాం. రెండు తొవ్వల గుండు దగ్గరికి వచ్చేసరికి సుక్కి నా చేయి గట్టిగా పట్టుకుంది. దాని అరచెయ్యి తడిసిపోయింది. తొవ్వ చీలిన చోట బాపు పెట్టిన కొమ్మ, ఆకులు ఎడమకు. తాత గాడిదను ఎడమకు తిప్పాడు.

అప్పుడు కుడివైపు నుంచి గంట వినబడింది. బడి గంట. మా బడి ముందు వేలాడే రైలు పట్టా ముక్క, దాని మోత నాకు తెలియదా? ఆగి ఆగి ఎవరో కొడుతున్నారు. సుక్కి నా చేయి వదిలింది. కుడి తొవ్వన నడవడం మొదలుపెట్టింది. నేను పట్టుకోబోతే అమ్మ పోనీ అంది. వెనకాలే మేం పోయాం.

కానుగ చెట్టు చిగురు వేసి నిండుగా ఉంది. కొమ్మకు పట్టా ముక్క కట్టి ఉంది. కింద ఇసుక పరిచి దాని మీద రెండు కుండలు, తడి గుడ్డ చుట్టి. అమ్మ తోలుకుపోయే కడవల నీళ్లు వీటిలోకేనన్నమాట. వాటి పక్కన ప్రమీలమ్మ టీచరు ఒక్కతే కూర్చుంది. మోకాళ్ల మీద పెద్ద కర్ర, కళ్లు నాలుగు దిక్కులా తిరుగుతున్నాయి. పుట్ట వైపు, కంప వైపు, మళ్లీ పుట్ట వైపు. భయమేసినప్పుడల్లా లేచి గంట కొట్టుకుంటోందని నాకు అప్పుడు తెలిసింది. అడుగుల చప్పుడు వినగానే కర్ర ఎత్తింది, మమ్మల్ని చూసి దించింది.

సుక్కి ఆమె ముందుకు పోయి కూర్చుంది, మోదుగాకు మడిచి దొప్ప చేసి రెండు చేతులా పట్టింది. పాతికేళ్ల మనిషి మొహంలోకి చూసి,

"అవ్వా, నీళ్లు పొయ్యి," అంది.

ఆమె పోసింది. చేయి వణికి సగం నీళ్లు ఇసుకలో పడ్డాయి. అమ్మ వెళ్లి ఆ చేతికింద తన చేయి ఆనించి పట్టుకుంది.